నాలుగు సున్నాలు

"నేనింకా రిపోర్టు తీసుకోనే లేదు. మా స్కూలు కరస్పాండెంటుగారికి ఎలా తెలిసింది?"

డ్రాయింగు టీచరు గొంతు పెంచలేదు. రిపోర్టు కోసం ఇచ్చిన రసీదును కౌంటరు మీద పెట్టి, అది ఎగిరిపోతుందేమో అన్నట్టు దాని మీద వేలు ఆనించి నిలబడింది. గోటి చుట్టూ నీలం రంగు అంటుకుని ఉంది. రక్తపరీక్షల కోసం పరగడుపున వచ్చి కుర్చీల్లో ఆవలిస్తున్న వాళ్ళంతా ఆవలింతలు మింగేసి చెవులు రిక్కించారు.

"నిన్న తన గదిలోకి పిలిచి శుభాకాంక్షలు చెప్పాడు. మా ఆయనకే నేనింకా చెప్పలేదు. పరాయి మనిషి నాకు శుభాకాంక్షలు చెప్పాడు. ఇలాంటప్పుడు మెట్లెక్కి దిగడం మంచిది కాదమ్మా, రేపట్నుంచి రావద్దులే అన్నాడు."

కౌంటరు వెనకాల కూర్చున్న అమ్మాయికి నోట మాట రాలేదు. ల్యాబులో అది వింతే. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని ప్రతి ఒక్కరూ అంటారు. రక్తం సీసాలకు లేబుళ్ళు అంటిస్తూ రెండు చేతులూ ఖాళీ ఉండవు కాబట్టి కౌంటరు ఫోనును ఎప్పుడూ స్పీకరులోనే పెడుతుంది. అటువైపు వాళ్ళతో, ఎదురుగా ఉన్నవాళ్ళతో, లేబుళ్ళతో కూడా ఒకేసారి మాట్లాడుతుంది. ఇప్పుడు ఒక లేబులు ఆమె బొటనవేలికి అంటుకుపోయింది. దాన్ని పీక్కోవాలని కూడా ఆమెకు తోచలేదు.

ల్యాబు యజమాని డాక్టరుగారు తన గదిలోంచి వచ్చారు. గోడకున్న సీసాను నొక్కి, చేతులు శుభ్రం చేసుకునే జిగురుమందు అరచేతిలో వేసుకుని రుద్దుకుంటూ అంతా విన్నారు. ఆయన రోజుకు వందసార్లు చేతులు రుద్దుకుంటారు.

"రిపోర్టు ప్రింటు తీసేది ఎవరు? కవరులో పెట్టేది ఎవరు?" అన్నారు, టీచరు వైపు కాక కుర్చీల్లో ఉన్నవాళ్ళ వైపు చూస్తూ. తర్వాత కౌంటరు వైపు తిరిగారు. "విచారణ అయ్యేదాకా నువ్వు ఇంట్లో ఉండమ్మా."

ఇదంతా కంప్యూటర్లుండే మిషన్ల గది అద్దం తలుపు వెనకనుంచి వదిన చూసింది. కౌంటరు అమ్మాయి ఆమె ఆడపడుచు. ఆ పిల్ల రోజంతా "వదినా, వదినా" అని కేకేయడంతో డాక్టరుగారి దగ్గర్నుంచి నేల తుడిచే ముసలమ్మ దాకా ఆమెను అందరూ వదిన అనే పిలుస్తారు. మొన్నటిదాకా బిల్లులు టైపు చేసేది. మిషన్ల గది మాస్టారు త్వరలో పని మానేస్తున్నారు కాబట్టి ఆయన దగ్గర కూర్చుని ఆ పని నేర్చుకుంటోంది. తలుపు తీసుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళేసరికి ఆడపడుచు చేతిసంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది. లేబులు బొటనవేలి మీదే ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో వదిన భర్త చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

"ఎంతమందికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదన్నయ్యా."

"నీ నోటి సంగతి నాకు తెలియదా? నేను కొత్త చొక్కా కొనుక్కుంటే నాకంటే ముందు వీధి చివరివాళ్ళకు తెలుస్తుంది. ఒక మనిషి కడుపు సంగతి కూడా అంతేనా నీకు? ఛీ!"

ఆ 'ఛీ' వదినకు తగిలింది. ఆడపడుచు మాత్రం తలెత్తలేదు. అన్నావదినల ఇంట్లో తన మంచమున్న మూలకు వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది. టీచరు ఆరోగ్యశాఖకు ఫిర్యాదు ఇచ్చిందనీ, తనిఖీకి మనిషి వస్తాడనీ మర్నాడు తెలిసింది. మిషన్లలో లోపం లేదని ఆయన రాసి వెళితే ఇక తప్పు కౌంటరుదే. గుట్టు బయటపెట్టినందుకు తీసేశామని డాక్టరుగారు కాగితం ఇస్తారు. ఆ కాగితం చూసిన ఏ ల్యాబువాళ్ళూ ఆ పిల్లను గుమ్మం తొక్కనివ్వరు. బయటి ల్యాబుల సంగతి సరే, సొంత అన్న అప్పుడే ఆ కాగితం రాసేశాడు.

*

మిషన్ల గదిలో చలి ఎక్కువ. మాస్టారు ఎండాకాలంలో కూడా మేజోళ్ళు వేసుకుని, మెడకు తువ్వాలు చుట్టుకుని కూర్చుంటారు. కీబోర్డు సందుల్లోని దుమ్మును పాత పళ్ళ బ్రష్షుతో దులిపాక గానీ పని మొదలుపెట్టరు. తెర మీద ఫైలు చదివేటప్పుడు ప్లాస్టిక్ స్కేలు ఆనిస్తారు. ఒక్కో లైను చదివి స్కేలు కిందికి జరుపుతారు, లైను తప్పిపోకుండా.

"యూనిక్స్ మిషన్లలో దాపరికం ఉండదు వదినమ్మా," అనేవారు. "సర్వీసులంటే లోపల ఎప్పుడూ నడుస్తుండే ప్రోగ్రాములు. ప్రింటరు పని చూసే సర్వీసు ఒకటి, రిపోర్టులు అందించే సర్వీసు ఒకటి, టైము సరిచేసేది ఒకటి. ప్రతిదానికీ ఒక ఫైలు. ఏం చెయ్యాలో, ఎవరి మాట వినాలో అన్నీ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. చదవాలంతే. ఎవరూ చదవరు, అదే వచ్చిన చిక్కు."

ముట్టుకునే ముందు నకలు తీసుకోవాలన్నది మొదటి పాఠం. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే లైన్లు మనుషుల కోసం రాసుకున్నవి, మిషను వాటిని చదవదన్నది రెండోది. మూడోది 'లిజన్' అనే లైను. దాని కింద స్కేలు ఆనించి మాస్టారు చాలాసేపు ఆగారు.

"సర్వీసు ఏ వైపు చెవి పెట్టాలో ఇది చెబుతుంది. ఈ మిషనుకు రెండు తీగలున్నాయి, చూశావుగా. పచ్చది లోపలికి, అంటే కౌంటరుకీ బిల్లింగుకీ. నల్లది బయటికి. ఇక్కడ లోపలి అడ్రసు రాస్తే లోపలివాళ్ళ మాటే వింటుంది. నాలుగు సున్నాలు రాశావో, రెండు వైపులా చెవులు ఒగ్గేస్తుంది. దారినపోయే దానయ్య పిలిచినా పలుకుతుంది."

ప్రింటరు సర్వీసు మీద వదిన చేత పని చేయించారు. బయటి గదిలోని ప్రింటరును కూడా కలపాలి. ఆమె నకలు తీసుకుంది, ఫైల్లో లైను మార్చింది, రెండుసార్లు సరిచూసుకుంది. ప్రింటరు ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ చూసింది. అక్షరం తప్పు లేదు. మాస్టారు తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"అందరూ ఇక్కడే బోల్తా పడతారు. సర్వీసు లేచినప్పుడు ఒక్కసారే ఫైలు చదువుకుంటుంది. ఆ తర్వాత నువ్వు అందులో రామాయణం రాసినా దానికి తెలియదు. పాత మాట మీదే నడుస్తుంది. దాన్ని ఒకసారి ఆపి మళ్ళీ లేపాలి."

ఆపి లేపింది. ప్రింటరు గురగురమంటూ కాగితం కక్కింది. ఆమెకు చిన్నపిల్లలా సంతోషమేసింది.

"అందుకని ఫైలు చూసి సరిపెట్టుకోకు. ఇప్పుడు ఏ సర్వీసు ఎక్కడ చెవి పెట్టి ఉందో మిషన్నే అడుగు," అని రెండక్షరాల కమాండు ఒకటి నేర్పారు. ఆ రోజు ఆయన మీద ఆమెకు ఎంత గౌరవం కలిగిందంటే, ఇంటికి వెళ్ళాక గోడవైపు తిరిగి పడుకున్న ఆడపడుచు పక్కన కూర్చుని ప్రింటరు కథంతా చెప్పింది. ఆ పిల్ల ఊ కొట్టింది, అంతే.

మర్నాడు మాస్టారు పన్ను పీకించుకోవడానికి వెళ్ళారు. వదిన ఒక్కతే కూర్చుని రిపోర్టుల సర్వీసు ఫైలు తెరిచింది. కౌంటరులో చేతులు ఖాళీ ఉండవని రిపోర్టులు కనబడే పేజీకి పాస్‌వర్డు ఎప్పుడో తీసేశారు. అడ్రసు తెలిస్తే చాలు, ఎవరి రిపోర్టైనా కనబడుతుంది. కాబట్టి లిజన్ లైను ఒక్కటే కాపలా. స్కేలు ఆనించి చదువుకుంటూ వచ్చింది. లిజన్ దగ్గర లోపలి అడ్రసే ఉంది. ఉండాల్సినట్టే ఉంది.

మిషను నుంచి బయటికి పోలేదంటే మనిషి నుంచి పోయినట్టే. ఆడపడుచు ఫోనులో మాట్లాడుతూ, లేబుళ్ళు అంటిస్తూ, ఎవరికో నోరు జారిందా? జారే ఉంటుంది. అన్న అన్నదే నిజమేమో. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఆ రోత పోగొట్టుకోవడానికే రెండక్షరాల కమాండు కొట్టింది.

రిపోర్టుల సర్వీసుకు ఎదురుగా నాలుగు సున్నాలున్నాయి.

మళ్ళీ కొట్టింది. నాలుగు సున్నాలే. ఫైలు తేదీ చూసింది. టీచరు కౌంటరు దగ్గర నిలబడ్డ మర్నాడు మార్చారు. సర్వీసు ఎప్పుడు లేచిందో చూసింది. నెలల కిందట. అంటే అది పాత ఫైలు చదువుకుని లేచింది, ఇంకా ఆ మాట మీదే ఉంది. బయటివైపు తలుపు ఆ రోజూ తెరిచే ఉంది, ఇప్పుడూ బార్లా తెరిచే ఉంది. మూసినట్టు ఫైల్లో రాసి పెట్టారు.

*

మాస్టారు బుగ్గలో దూదితో వచ్చారు. ఆమె తెర ఆయన వైపు తిప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తుడిచినవే మళ్ళీ తుడుచుకున్నారు.

"మీరు మర్చిపోయారా మాస్టారూ, లేపడం?"

ఆయన మర్చిపోయానంటే బాగుండునని ఆమెకు ఎంతో ఆశ కలిగింది.

"నేనెందుకు మర్చిపోతాను?" అన్నారాయన, దూది వల్ల ముద్దగా. "ఫైలు బాగుచెయ్యమన్నారు డాక్టరుగారు. చేశాను. సర్వీసు జోలికి పోవద్దన్నారు. పోలేదు."

"ఎందుకు?"

"ఆయన ఇంటినుంచి చూసుకుంటారు. బీమావాళ్ళు చూసుకుంటారు. ఆ స్కూలాయన చూసుకుంటాడు. వాళ్ళ స్టాఫ్ పరీక్షలన్నీ మనకే పంపిస్తాడు కదా, మరి ఆయన అడిగితే కాదనలేరు. ఆపేస్తే అందరికీ కోపాలొస్తాయి. తనిఖీ ఆయన ఫైలు తెరిపించి చూసి వెళ్ళిపోతాడు. ఆయనకు అప్పజెప్పిన పని అంతవరకే."

"మరి మా ఆడపడుచు?"

"చిన్నపిల్ల. ఎక్కడో ఒకచోట దొరక్కపోదు." ఆయన టిఫిన్ డబ్బా మూత తీశారు. పన్ను నొప్పిగా ఉన్నా పెట్టి పంపినట్టున్నారు ఇంట్లో. "నేను తినలేను, నువ్వు తిను వదినమ్మా. పాడైపోతుంది."

ఎంతో ప్రేమగా అన్నారు. లైను తప్పకూడదని స్కేలు పెట్టి చదివే మనిషి, దుమ్ము ఉండకూడదని కీబోర్డు దులిపే మనిషి. ఆ చేతులతోనే ఫైలు దిద్ది, ఆ చేతులతోనే డబ్బా చాపుతున్నాడు. ఆమె వద్దని తల ఊపి, బయటికి వెళ్ళి మెట్ల మీద కాసేపు నిలబడింది. ఎవరో కక్కిన చోట కాలు పెట్టినట్టుంది ఆమెకు.

డాక్టరుగారు ఆ మధ్యాహ్నమే పిలిచారు.

"వదినగారూ, తనిఖీ రోజు మిషను ముందు మీరు కూర్చోండి. మాస్టారికి కంగారెక్కువ. వాళ్ళడిగింది చూపించండి, అడగనిది వద్దు." చేతులు రుద్దుకున్నారు. "మీ ఆడపడుచు గురించి నాకూ బాధగానే ఉందండీ. మనలో మనం ఒక కుటుంబం లాంటివాళ్ళం. కొన్నాళ్ళు పోనివ్వండి, ఎక్కడైనా మాట సాయం చేద్దాం."

జిగురుమందు వాసన గదంతా నిండింది. ఇదివరకు అది శుభ్రమైన వాసనలా తోచేది ఆమెకు.

ఇంట్లో ఆడపడుచుకు అంతా చెప్పింది. ఆ పిల్ల లేచి కూర్చుంది.

"అయితే ఫైలు బాగుందంటావు."

"ఫైలు బాగుంది."

"తలుపు తెరిచే ఉందంటావు."

"ఆ."

"ఇది అన్నయ్యకు చెబితే అర్థమవుతుందా వదినా?"

వదిన ఆలోచించింది. అర్థం కాదని కాదు. ఆయన వినేదాకా కూర్చోడు. ఛీ అన్నాక మనిషికి వినే అవసరం తీరిపోతుంది.

*

తనిఖీకి వచ్చినాయన సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలతో వచ్చాడు. కాఫీ తెప్పించారు. మిషన్ల గదిలో నలుగురికి చోటు లేదు కాబట్టి అద్దం తలుపు బార్లా తెరిచి, డాక్టరుగారు గుమ్మంలో నిలబడ్డారు. వెనక కౌంటరులో రక్తం తీసే నర్సు కూర్చుంది. ఆడపడుచు పని కూడా ఇప్పుడు ఆమె నెత్తినే పడింది.

"రిపోర్టుల సర్వీసు ఫైలు తెరవండి," అన్నాడాయన. వదిన తెరిచింది. "లిజన్ లైను చూపించండి." మాస్టారు అలవాటు కొద్దీ స్కేలు ఆనించారు. తనిఖీ ఆయన ముందుకు వంగి చదివి, కాగితం మీద టిక్కు పెట్టాడు. "లోపలివైపే. బాగుంది. ఇంతే కదా?"

"ఇంతేనండీ," అన్నారు డాక్టరుగారు.

"సార్, సర్వీసు ఇప్పుడు నిజంగా ఎక్కడ వింటోందో కూడా చూడండి," అంది వదిన. రెండక్షరాలు కొట్టింది. "ఈ నాలుగు సున్నాలు చూశారా?"

ఆయన చూశాడు. అర్థం కాకపోలేదు, చూడగానే కనుబొమ్మలు కదిలాయి. అట్ట వైపు చూసుకున్నాడు. "నా కాగితంలో ఫైలు వరకే ఉందమ్మా. ఇవన్నీ పెట్టుకుంటే రోజుకు ఒక్క ల్యాబు కూడా అవదు."

డాక్టరుగారు చిరునవ్వు నవ్వారు. "ఆవిడ కొత్త. ఉత్సాహమెక్కువ."

మాస్టారు కీబోర్డు బ్రష్షును బల్ల మీద ఇటునుంచి అటు జరుపుతున్నారు. వీళ్ళందరికీ తెలుసు, అనుకుంది వదిన. తెలియనివాళ్ళు ఎవరూ లేరు ఈ గదిలో. తనిఖీ ఆయన వైపు తిరిగింది.

"అయితే ఫైల్లో ఎలా ఉందో అలాగే నడిపించనా సార్?"

"అదేం ప్రశ్నమ్మా! ఫైల్లో ఉన్నట్టు నడపడానికి నన్నడగాలా? నడపండి."

"ఇప్పుడు వద్దులెండి, పొద్దున పూట రద్దీ," అన్నారు డాక్టరుగారు గబగబా.

తనిఖీ ఆయన మొదటిసారి ఆయన వైపు తేరిపార చూశాడు. "ఫైల్లో ఉన్నట్టు నడిస్తే మీకేమైనా ఇబ్బందా?"

డాక్టరుగారి చేతులు రెండూ దగ్గరికొచ్చాయి గానీ రుద్దుకోవడానికి వాటిలో ఏమీ లేదు. "అబ్బే, ఇబ్బందేముంది."

వదిన సర్వీసును ఆపి లేపింది. ఒక్క క్షణం పని. మళ్ళీ రెండక్షరాలు కొట్టింది. నాలుగు సున్నాలు పోయి లోపలి అడ్రసు వచ్చింది. కౌంటరులో నర్సు రిపోర్టు ప్రింటు తీస్తూనే ఉంది, ఆమెకేమీ తేడా తెలియలేదు. ఎవరికీ ఏమీ తెలియలేదు. తనిఖీ ఆయన కాఫీ తాగుతూ మిగతా కాగితాలు నింపుకున్నాడు. ఫిర్యాదుదారు ఆరోపణకు కంప్యూటరు లోపం కారణం కాదు అనే వాక్యం దగ్గరికొచ్చి, సంతకానికి పెన్ను మూత తీశాడు.

కౌంటరు ఫోను మోగింది. నర్సు చేతికి తొడుగులున్నాయి. మోచేత్తో స్పీకరు నొక్కింది.

"ఏంటమ్మా, మీ రిపోర్టుల పేజీ రావట్లేదు? బీమా ఆఫీసునుంచి. పొద్దుటివి చూసుకోవాలి మేము."

నర్సు ఏదో చెప్పబోయేలోగా ఫోను పెట్టేశారు. వెంటనే మళ్ళీ మోగింది. ఈసారి గొంతు పెద్దది, రోజూ ప్రార్థన దగ్గర మైకులో మాట్లాడి అలవాటైన గొంతు.

"స్కూలు కరస్పాండెంటుని మాట్లాడుతున్నా. మా స్టాఫ్ రిపోర్టులు పొద్దున్నే చూసుకుంటాను కదా, ఇవాళ తెరుచుకోవట్లేదేంటి? ఆ డ్రాయింగు టీచరు గోల చేసిందని మూసేశారా? మూస్తే ముందు నాకు చెప్పాలా వద్దా? ఇంకో ఇద్దరివి చూసుకోవాల్సినవున్నాయి నాకు. డాక్టరుగారిని పిలువు!"

కుర్చీల్లో ఉన్నవాళ్ళలో ఒకామె చేతికి దూది అదుముకుని లేచి నిలబడింది. డాక్టరుగారు కౌంటరు వైపు రెండడుగులు వేసి ఆగిపోయారు. ఫోను "హలో, హలో" అంటూనే ఉంది. ఆ గొంతులో సిగ్గన్నది మచ్చుకైనా లేదు. తనకు రావలసిన పాలపొట్లం రాలేదని అడిగే మనిషి గొంతది.

తనిఖీ ఆయన పెన్నుకు మూత పెట్టాడు. "ఆ ఫైలు మార్చిన తేదీ ఒకసారి చూపించమ్మా," అన్నాడు. ఇప్పుడు అది కూడా ఆయన కాగితంలోకి వచ్చింది.

"ఆవిడ కొత్త, తెలియక నొక్కింది," అన్నారు మాస్టారు, పక్కనున్న వదినకు మాత్రమే వినబడేంత మెల్లగా.

"తెలిసే నొక్కాను మాస్టారూ. మీరు నేర్పిందే."

ఆయన స్కేలు తీసి సొరుగులో పెట్టేసుకున్నారు.

తనిఖీ ఆయన వెళ్ళిపోయాక డాక్టరుగారు వరండాలో ఆమెకు ఎదురయ్యారు. ముఖం పాలిపోయినా మాట మాత్రం మెత్తగానే ఉంది. "మీ ఆడపడుచుని రేపట్నుంచి రమ్మనండి. జరిగిందేదో జరిగింది, మనసులో పెట్టుకోవద్దనండి." ఏదో దానం చేసినట్టు అన్నారు. గోడకున్న సీసా నొక్కి, అలవాటుగా ఆమె వైపు కూడా చూపించారు. వదిన చేతులు వెనక్కి పెట్టుకుంది.

*

ఆడపడుచు అంతా విని ఎగిరి గంతేస్తుందనుకుంది వదిన. ఆ పిల్ల ఆరిన బట్టలు ఒళ్ళో పెట్టుకుని మడతలు వేస్తూ వింది. కరస్పాండెంటు ఫోను దగ్గర మాత్రం చేతులు ఆగాయి.

"ఇంకో ఇద్దరివి అన్నాడా?"

"అన్నాడు."

"థూ!" అంది. "ఆ టీచరుకి ఎవరైనా చెప్పారా వదినా, నేను కాదని?" అని అడిగింది.

ఎవరూ చెప్పలేదు. ఎవరికీ తోచలేదు, వదినకు కూడా.

"రేపు ల్యాబుకు రాను. ముందు ఆవిడ ఇంటికి వెళ్తాను. వెళ్ళి చెప్పొచ్చాక, వాళ్ళ మొహాలు చూడగలనో లేదో చూసుకుంటా."

అన్న వచ్చాడు. దారిలోనే ఎవరో చెప్పినట్టున్నారు, ఈసారి చెప్పులు గుమ్మం దగ్గర చక్కగా విప్పాడు. లోపలికొచ్చి, ఇన్నాళ్ళూ కన్నెత్తి చూడని చెల్లెలి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా. మా చెల్లెలు అలాంటి పని చేస్తుందా? నోరున్న పిల్లే గానీ, గుండెలో కల్మషం లేదు. ఆ రోజు కూడా నేను అదే అన్నాను."

ముఖంలో రవ్వంత తడబాటు లేదు. నిజంగానే అలా అన్నట్టు నమ్ముతున్నాడు. ఆడపడుచు మడత పెట్టిన చొక్కా పక్కన పెట్టి, వదిన వైపు తిరిగింది. ఇన్ని రోజుల తర్వాత ఆమె కళ్ళల్లో పాత మెరుపు ఒకటి కదిలింది.

"అన్నయ్య కూడా ఫైలు మార్చేశాడు వదినా," అంది.

"ఏ ఫైలు?" అన్నాడు అతను.

దుప్పటి ఒకటి మిగిలింది. ఆడవాళ్ళిద్దరూ చెరో రెండు కొసలు పట్టుకుని, అతను కుర్చీ వెనక్కి జరుపుకోక తప్పనట్టుగా బాగా సాగదీసి, మడత పెట్టారు.